ఫ్రిజ్జు మీద ఫోను

ప్రొద్దుటూరులో మా వార్డు కౌన్సిలరు ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా జాఫర్ అంటారు. అది తప్పు. కాగితాల్లో కౌన్సిలరు ఆయన భార్య ఫరహత్. 2021 ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వయింది. అప్పటికి రెండేళ్ళుగా ప్రతి పెళ్ళికీ, చావింట ప్రతి జనాజాకూ హాజరై, రేపోమాపో తానే నిలబడతానని చెప్పుకుంటున్న జాఫర్‌కు ఆ వార్త విన్నరోజు జ్వరం వచ్చిందట. మరునాటికి తగ్గింది. భార్య పేరు మీద నామినేషన్ వేశాడు. పోస్టర్లో ఆయన బొమ్మ అరచేయంత, ఆమె బొమ్మ బొటనవేలంత. గెలిచాక ఆయన కౌన్సిలర్ సాబ్ అయ్యాడు, ఆమె కౌన్సిలర్ సాబ్ భార్య అయింది. ఈ పిలుపులో ఏదో తేడా ఉందని మా వీధిలో ఒక్కరికీ తోచలేదు.

ఫరహత్‌ను మెచ్చుకుంటూ రాయడం లేదు. ఆమెను నేను నమ్మలేదు. నమ్మకపోవడం వల్ల జరిగిన నష్టంలో నా వంతు ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇందులో కొంత నేను చూసింది, ఎక్కువ భాగం ఆమె మా అమ్మకు చెప్పగా అమ్మ నాకు చెప్పింది. మా అమ్మ పేరు రహమత్‌బీ. మాది పరుపులు కుట్టే ఇల్లు. దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఫరహత్‌ది ఉర్దూ ఇల్లు, అందుకని అమ్మను పిన్నమ్మా అన్నట్టు ఖాలా అంటుంది.

ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. తండ్రికి పెన్నా వంతెన దగ్గర సైకిల్ షాపు ఉండేది. పదో తరగతి దాకా చదివింది. ఆ రోజుల్లో వాళ్ళ వీధిలో సగం మంది మగవాళ్ళు కువైట్‌లో ఉండేవారు. ఫోన్లు లేవు, ఉన్నా మాటకింతని లెక్క. ఉత్తరాలే దిక్కు. చదువురాని ఆడవాళ్ళు స్కూలు వదిలే వేళకు కాచుకుని ఫరహత్ దగ్గర కూర్చునేవారు. వచ్చిన ఉత్తరం చదివి వినిపించేది, జవాబు రాసిపెట్టేది. ఏ ఇంట్లో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో పన్నెండేళ్ళ పిల్లకు తెలుసు. ఎవరి మాటా ఇంకొకరికి చెప్పలేదు. చెప్పి ఉంటే మరునాడు తన దగ్గరికి ఎవరూ రారని తెలుసు. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చింది. అప్పటినుంచి ఆమె రాసిందంటే సంతకమే.

సంతకం పద్ధతి ఇది. జాఫర్ కాగితం మడిచి, కింది భాగం మాత్రం కనబడేలా పెట్టి, వేలు చూపిస్తాడు. వేలు ఉన్నచోట ఆమె రాస్తుంది. కౌన్సిల్ మీటింగు రోజు కారులో తీసుకుపోతాడు. ఆమె లోపలికి వెళ్ళి రిజిస్టర్లో సంతకం పెట్టి వెనక వరసలో కూర్చుంటుంది. ఆయన వరండాలో మిగతా మహిళా కౌన్సిలర్ల భర్తలతో టీ తాగుతాడు. లోపల చేతులెత్తమంటే ముందు వరసలో ఎవరు ఎత్తారో చూసి ఎత్తాలి. నాలుగేళ్ళు అలాగే గడిచింది.

నిరుడు కౌన్సిలరు పేరు మీద ఒక కొత్త ఫోను, నంబరు వచ్చాయి. సర్కారు పనులన్నీ వాట్సాప్‌లోకి వచ్చిన ఏడాది అది. కరెంటు బిల్లు, సర్టిఫికెట్లు, అర్జీలు, అన్నీ ఫోన్లోనే అన్నారు. పులివెందులలో ఫ్లెక్సీలు కొట్టే భార్గవ్ అనే కుర్రాడు అప్పటికి డిజిటల్ పనులు కూడా మొదలుపెట్టాడు. నంబరు లేని లీడరు పాతకాలం లీడరని జాఫర్ చెవిలో వేశాడు. జాఫర్‌ను ఒప్పించిన మాట అది కాదు. మెసేజి పెట్టిన ప్రతి ఒక్కరి నంబరూ పేరూ మన దగ్గర జాబితాగా మిగులుతాయి, ఎలక్షన్ నాటికి పనికొస్తాయి అన్నాడు. వారంలో వీధి మలుపుల్లో బోర్డులు లేచాయి. మీ కౌన్సిలరు మీ చేతిలో. కింద నంబరు. మెసేజి పెడితే వెంటనే జవాబు వచ్చేది: మీ సమస్య నమోదైంది, ధన్యవాదాలు.

నెల రోజులు భార్గవ్ తన కంప్యూటర్లో అవన్నీ చూశాడు. తర్వాత వేరే పని దొరికి మానుకున్నాడు. ఫోను జాఫర్ ఇంటికి చేరింది. ఊరికే మోగుతుందని ఆయన దాని గొంతు నొక్కి, చార్జరు పెట్టి, ఫ్రిజ్జు మీద పడేశాడు. జవాబు మాత్రం దానంతటది వెళ్తూనే ఉంది.

ఫరహత్‌కు వెలుగు కనబడేది. చట్నీ గిన్నె తీస్తుంటే ఒకసారి, పాలు పెడుతుంటే ఒకసారి, తలకు పైన తెర వెలిగి ఆరేది. పది రోజులు ముట్టుకోలేదు. పదకొండో రోజు తీసి చూసింది. షరీఫా అనే ఆవిడ పెట్టిన మెసేజి. మా సందులో లైటు ఆరిపోయి పద్నాలుగు దినాలు, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే దారి. దాని కింద, మీ సమస్య నమోదైంది. దాని కింద షరీఫా మళ్ళీ: నమోదు చేసుకుని ఏం చేస్తాండారు, ఊరగాయ పెడ్తాండారా.

ఫరహత్ నవ్వుకుందట. తర్వాత భర్త డైరీలో వీధి లైట్ల మేస్త్రీ నంబరు వెతికి, కౌన్సిలర్ ఇంటి నుంచి అని చెప్పి, సందు పేరు చెప్పి పెట్టేసింది. సాయంత్రానికి లైటు వెలిగింది.

“ఒక్క మాటతో పనైతాదని నాకు తెలీదు ఖాలా” అని తర్వాత అమ్మతో చెప్పింది. “నాలుగేండ్లు ఆ మాట నా నోట్లోనే ఉండాదంట. నాకెవురూ చెప్పలే.”

అప్పటినుంచి మధ్యాహ్నం జాఫర్ బయటికి పోయాక ఆమె ఫోను తీసేది. చెత్తబండి రాకపోతే ఆ మేస్త్రీకి, కాలువ నిండితే ఈ మేస్త్రీకి. మూడు పనుల్లో రెండు అయ్యేవి. దానంతటది వెళ్ళే జవాబును ఆపేసి, జవాబులు తానే జాగ్రత్తగా రాసేది. యంత్రం ఎలా రాస్తుందో అలాగే. పని జరుగుతోంది. పని పూర్తయింది. ధన్యవాదాలు. తన మాట ఒక్కటీ పడనిచ్చేది కాదు.

పనులు అవుతుంటే జనం సంతోషించాలి కదా. మా వీధి సంతోషించలేదు, అనుమానించింది. ప్రొద్దుటూరులో ఎవరూ ఊరికే మంచి చేయరని మాకు అనుభవం. జాఫర్ ఆ పనులు చేయడం లేదని అందరికీ తెలుసు, ఆయన్ను అడిగితే తానే ఆశ్చర్యపోతున్నాడు. మరి ఎవరు? టీ అంగడి దగ్గర రోజుకో సిద్ధాంతం. హైదరాబాదులో కంపెనీ ఉందని ఒకరు, అది మనిషే కాదు కంప్యూటరే ఆలోచించి ఫోన్లు చేస్తోందని ఒకరు. ఇవ్వాళ లైటు వేస్తారు, రేపు మన రేషన్ కార్డు లాగుతారని ఇంకొకరు. నంబర్లన్నీ ఎలక్షన్ కోసం పోగేస్తున్నారని నేనన్నాను. నా మాటలో నిజం ఉంది కూడా. నిజం ఉన్న అనుమానం కంటే మనిషిని తప్పుదారి పట్టించేది ఇంకొకటి లేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

కానీ ఒక వింత జరిగింది. అవతల మనిషి లేడనుకున్నాక జనం స్వేచ్ఛగా రాయడం మొదలుపెట్టారు. మా పక్కింటి కౌసర్ భర్త కువైట్ నుంచి ఎనిమిది నెలలుగా ఫోను చేయడం లేదు. ఆ సంగతి ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు. ఆ నంబరుకు చెప్పింది. ఒకావిడ కొడుకు తాగి వచ్చి కొడుతున్నాడని రాసింది. ఇంకొకావిడ తన బావే కాలువ మీద గోడ కట్టాడని, తన పేరు బయటికి రాకుండా కూల్చాలని రాసింది. నేనూ రాశాను. ఈ వార్డుకు కౌన్సిలరు లేదు, సంతకం పెట్టే బొమ్మ ఒకటుంది, ఆ బొమ్మకు తాళం తిప్పేవాడు దొంగ అని. చదివేవాడు లేడన్న ధైర్యం. జవాబు వచ్చింది: మీ సమస్య నమోదైంది, ధన్యవాదాలు.

ఆ జవాబు యంత్రం పంపింది కాదు. ఆమె చదివి, కాసేపు ఆలోచించి, తన వేలితో కొట్టింది.

ఇక ట్యాంకు సంగతి. మా వీధి చివర కాస్త ఎత్తు. పెద్ద పైపు నీళ్ళు అంత ఎత్తు ఎక్కవు. అక్కడొక బోరు, దాని మీద నల్ల ట్యాంకు, నాలుగు కొళాయిలు ఉన్నాయి. పొద్దున ఆరుకు వదిలితే ఏడున్నర దాకా వస్తాయి. నలభై ఇళ్ళకు అదే ఆధారం. ట్యాంకు చుట్టూ ఉన్న ఖాళీ జాగాకు ఆనుకుని హఫీజ్ అనే ఆసామి ఫంక్షన్ హాలు కట్టాడు. పెళ్ళి రోజుల్లో బండ్లు నిలపడానికి చోటు లేదు. ఆ జాగా మీద ఆయన కన్ను పడిందని అందరికీ తెలుసు. జాఫర్ ఆయన దోస్తు అని కూడా తెలుసు.

వార్డులో త్రివిక్రమరావు అనే రిటైరైన మున్సిపల్ గుమాస్తా ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య బతికి, ఇప్పుడు ఎజెండాలు తెప్పించుకుని పేపరు చదివినట్టు చదువుతాడు. ఒక గురువారం పొద్దున ఆయన ఆ నంబరుకు ఒక ఫోటో పంపాడు. సోమవారం మీటింగు ఎజెండా, పదిహేడో అంశం. ట్యాంకు స్థలాన్ని ఫంక్షన్ హాలు వాహనాల కోసం లీజుకివ్వడం, ట్యాంకును వేరొక అనువైన చోటికి మార్చడం. ప్రతిపాదించినవారు శ్రీమతి ఫరహత్, కౌన్సిలర్. కింద ఆయన రాసిన వాక్యం: ఫైలులో వేరొక అనువైన చోటు అనగా ఎక్కడా కాదు అని అర్థము.

ఫరహత్ ఆ ఫోటోను పెద్దది చేసి తన పేరు చూసుకుంది. ఎప్పుడు పెట్టింది ఆ సంతకం? గుర్తొచ్చింది. రంజాన్ రోజుల్లో, ఇఫ్తారుకు పునుగులు వేస్తుంటే జాఫర్ కాగితం తెచ్చాడు. చేతికి పిండి ఉందంటే, పర్వాలేదు ఎడమ చేత్తో కాగితం పట్టుకో అన్నాడు. మడత పైన ఏముందో ఆమె అడగలేదు.

ఆమె త్రివిక్రమరావుకు రాసింది. ప్రతిపాదించిన మనిషే వద్దంటే?

ఆయన జవాబు వెంటనే వచ్చింది. సభలో లేచి ఉపసంహరించుకొనుచున్నానని చెప్పిన చాలును, మినిట్స్‌లో రాయవలెను. అయితే ఆ పని జరగదు. నాలుగేండ్లలో ఆమె గొంతు విన్నవారు ఆ హాలులో లేరు. మీరు ఆఫీసులో పనిచేయు అబ్బాయి అయినచో ఈ మాట జాఫర్ చెవిన వేయవద్దు.

ఆ రోజు మధ్యాహ్నమే టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులు ట్యాంకు చుట్టూ కొలతలు వేసి సున్నంతో గీత గీశారు. నేను చూసి వెంటనే ఆ నంబరుకు రాశాను. ట్యాంకు కాడ కొలతలు వేస్తున్నారు, ఎవరు వేయమన్నారు, జాఫర్‌ను అడిగి జవాబు చెప్పండి అని. ఎప్పటిలాగే ధన్యవాదాలు వస్తుందనుకున్నాను. పది నిమిషాల తర్వాత వచ్చిన జవాబు ఇది.

రిజ్వాన్ వాళ్ళ అబ్బా ఊర్లో లేరు. వచ్చినాక అడుగుతా.

నాకేమీ అర్థం కాలేదు. రిజ్వాన్ ఎవరు, నేనడిగింది జాఫర్ గురించి కదా అని విసుక్కుంటూ గట్టిగా చదివాను. అమ్మ పరుపు మీద సూది ఆపింది. ఇంకోసారి చదవమంది. చదివాను. మా ఇళ్ళలో పెళ్ళయిన ఆడది మొగుని పేరు నోట పలకదు. పెద్దకొడుకు పేరు చెప్పి వాళ్ళ అబ్బా అంటుంది. రిజ్వాన్ అంటే జాఫర్ పెద్దకొడుకు.

“మొగుని పేరు పలకని మిషను యాడన్నా ఉంటాదంట్రా యూనుసూ?” అంది అమ్మ. “ఇది జాఫర్ పెండ్లామే. ఆయమ్మే ఫోను పట్టుకోనుండాది.”

అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. నేను రాసిన బొమ్మ మాట గుర్తొచ్చి ఫోను బోర్లా పెట్టేశాను.

అమ్మ ముగ్గురికి చెప్పింది. సాయంత్రానికి ముప్పై మందికి తెలిసింది. లైట్లు వేయించింది ఆమె, చెత్త ఎత్తించింది ఆమె అని ఒక్కరూ అనలేదు. అందరూ తమ ఫోన్లు తీసి తాము ఏం రాశారో వెతుక్కున్నారు. తుడిపేయబోతే పాత మెసేజీలు అవతలి ఫోన్లో చెరగవని తేలింది. కంపెనీకో కంప్యూటరుకో చెప్పుకోవడం వేరు. పెళ్ళిలో ఎదురుపడే ఆడదానికి, అదీ జాఫర్ పెళ్ళానికి ఇంటి గుట్టు చెప్పుకోవడం వేరు. కొడుకు సంగతి రాసినావిడ రెండు రోజులు గడప దాటలేదు.

కౌసర్ మాత్రం నేరుగా ఫరహత్ ఇంటికి పోయింది. అమ్మ తోడు పోయింది. కూర్చోమంటే కౌసర్ కూర్చోలేదు.

“నేను రాసింది తీసెయ్. ఇప్పుడే. నా కండ్ల ముందర.”

“తీసేస్తా. కాని నేను కువైట్‌లో మావోళ్ళను ఒకరిని అడిగిండా. నాలుగు దినాల్లో…”

“నిన్నెవురు అడగమన్నారు?” అంది కౌసర్. “నాకు మొగుడు ఫోన్ చేస్తాండాడు. రోజూ చేస్తాండాడు. తీసెయ్.”

ఫరహత్ తీసేసింది. కౌసర్ ఆ ఫోను తన చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి వెతికి చూసుకుని వెళ్ళిపోయింది.

ఆ గురువారం రాత్రి నుంచి ఫోను వెలగలేదు. శుక్రవారం ఒక్క మెసేజి లేదు. త్రివిక్రమరావుకు వీధి కబుర్లు అందవు కాబట్టి ఆయన మాత్రం మీటింగు నియమాల పుస్తకంలోంచి ఒక పేజీ ఫోటో తీసి పంపాడు.

శనివారం మధ్యాహ్నం ఫరహత్ నలభై ఇళ్ళకూ ఒకే మెసేజి పంపింది. ఈసారి యంత్రంలాగా రాయలేదు. సోమవారం పదకొండు గంటలకు ఆడవాళ్ళు ఒక పదిమంది మున్సిపల్ ఆఫీసు కాడికి రండి. లోపలికి రావద్దు, మాట్లాడొద్దు. గేటు కాడ కనపడేటట్టు నిలబడండి. నేను ట్యాంకు గురించి లోపల మాట్లాడాలనుకుంటున్నా. మీరు ఉంటే నాకు ధైర్యం. కింద తన పేరు పెట్టింది.

ఆ మెసేజి చదివి వీధి వణికింది. కొందరు మా ఇంటికి వచ్చారు. ఈ వీధిలో పుస్తకాలూ పేపర్లూ చదివేవాణ్ణి నేనొక్కణ్ణే అని వాళ్ళకొక గౌరవం. ఏం చేద్దామని అడిగారు.

నేను చెప్పాను. ఇది వల అని చెప్పాను. సంతకం ఆమెదే కదా, ప్రతిపాదన ఆమెదే కదా, తన ప్రతిపాదనను తానే వద్దనడం ఎక్కడైనా ఉందా అన్నాను. ట్యాంకు కోసం ఎవరెవరు నిలబడతారో చూడాలని జాఫర్ ఈమె చేత రాయించాడు, గేటు దగ్గర నిలబడినవాళ్ళ ఫోటోలు తీస్తారు, ఆ తర్వాత పింఛన్లు ఎవరికి ఆగుతాయో చూడండి అన్నాను. ఒక్కో మాటా తూకం వేసినట్టు ఉంది. అందరూ తలలూపారు. నాకు లోపల ఒక రకమైన తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తిని తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ అడిగింది. “నిజంగా వల అనుకుంటాండావా, ఆయమ్మ మొగం చూడల్లంటే నీకు భయమా?”

“నువ్వు పోతే పో” అన్నాను.

అమ్మ పోలేదు. ఒక్కతే పోతే తన ఒక్క ముఖమే కనబడుతుందని భయపడింది. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళూ అలాగే అనుకున్నాయి.

సోమవారం జరిగింది త్రివిక్రమరావు నాకు చెప్పాడు. పదిహేడో అంశం ఏమవుతుందో తెలుసుకోవాలని ఆయన గేటు దగ్గర గొడుగు వేసుకుని పదిన్నర నుంచి నిలబడ్డాడు. జాఫర్ కారు వచ్చింది. ఫరహత్ దిగి గేటు వైపు చూసింది. ఎండలో ఒక్క ముసలాయన. ఆమెకు ఆయన ఎవరో తెలియదు, ఆయనకు తాను ఇన్నాళ్ళూ రాసింది ఆమెకేనని తెలియదు. ఆమె రెండు నిమిషాలు అలాగే నిలబడితే జాఫర్, పద టైమైతాంది అన్నాడు. లోపలికి వెళ్ళింది.

పదిహేడో అంశం గబగబా చదివి, ఆమోదం అని గుమాస్తా రాసుకోబోతుండగా వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. ఆమె లేచి నిలబడింది. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు, ఏంటమ్మా, నీళ్ళు కావాలా అని అడిగారట.

“పదిహేడోది నాది. నాకు తెలియకుండా సంతకమైంది. వెనక్కి తీసుకుంటాండా. అట్లని రాయండి.”

అంతే మాట్లాడింది. ఆ గొంతు వరండా దాకా వినబడిందని త్రివిక్రమరావు పాత సహోద్యోగి ఒకాయన చెప్పాడు. ఎవరో నవ్వారు. ఎవరో, కొంచెం ఆలోచించమ్మా, సాబ్‌ను అడిగి చెప్పు అన్నారు. ఆమె కూర్చోలేదు. గుమాస్తా కలం కదిలేదాకా, ఆయన రాసింది పైకి చదివేదాకా నిలబడే ఉంది. మడత పెట్టని కాగితం కింద సంతకం పెట్టి బయటికి వచ్చింది.

వరండాలో టీ తాగుతున్న భర్తలంతా జాఫర్ వైపు చూశారు. జాఫర్ గ్లాసు కింద పెట్టాడు. భార్య తన మాట దాటిందని ఒప్పుకోవడం కంటే ఘోరం ఆయనకు ఇంకొకటి లేదు. అందుకని పకపకా నవ్వాడు.

“ఏందప్పా అట్ల చూస్తాండారు? నేనే చెప్పినా. ఆ హఫీజ్‌గాడికి ఒకతూరి బుద్ధి చెప్పల్లనే.”

సాయంత్రానికి ఊరంతా అదే మాట. జాఫర్‌కూ హఫీజ్‌కూ చెడిందంట, భార్య చేత అడ్డం కొట్టించాడంట, రాజకీయమంటే అదీ. సున్నం గీత మీద మనుషులు నడిచి నడిచి చెరిపేశారు. ట్యాంకు ఉంది, కొళాయిలు ఉన్నాయి. వారంలో కొత్త ఫ్లెక్సీ లేచింది. మన నీళ్ళు మన హక్కు, దాని కింద చేతులు జోడించిన జాఫర్. ఈసారి ఆమె బొమ్మ లేదు. ఇంట్లో మాత్రం ఆయన పది రోజులు ఆమె వండింది తినలేదు, పలకరించలేదు. ఫ్రిజ్జు మీది ఫోను జేబులో వేసుకుని పోయి ఎవరికో ఇచ్చేశాడు.

మా వార్డులో ఆమె చేసిన పనిని నమ్మినవాళ్ళు ఇద్దరు. ఒకరు త్రివిక్రమరావు. నియమం ప్రకారం జరిగిన పని కాబట్టి ఆయనకు నమ్మక తప్పదు. రెండోది మా అమ్మ. నేను మధ్యలో ఉన్నాను. ఒక్కోసారి జాఫరే చెప్పించాడేమో అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు నాకు కొంచెం హాయిగా ఉంటుంది. ఆ హాయి చూసి నన్ను నేనే అనుమానిస్తాను.

మొన్న సోమవారం పొద్దున ఆరింటికి, నీళ్ళు వదిలే వేళ, ఫరహత్ ట్యాంకు దగ్గరికి వచ్చింది. వాళ్ళింట్లో బోరుంది, ఆమెకు ఈ నీళ్ళతో పని లేదు. చేతిలో బిందె లేదు. ఒక పక్కగా నిలబడింది. ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఒకరి తర్వాత ఒకరు నింపుకుని, ఆమె పక్కనుంచే, నేల చూస్తూ వెళ్ళిపోయారు. నేను సైకిల్ మీద రెండు క్యాన్లు కట్టుకుని వెనక ఉన్నాను. ముందుకు రాలేదు.

అమ్మ బిందె కొళాయి కింద పెట్టి అడిగింది. “ఏమ్మా, ఎందుకొచ్చినావు?”

“ఫోను లేదు కదా ఖాలా. ఏమన్నా ఉంటే ఈడనే చెప్తారేమోనని.”

“చెప్తాం. రాసుకోగూడదు.”

“రాసుకోను.”

“నీ ఇంటాయనకు?”

“ఆయనకూ చెప్పను.”

అమ్మ ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. చివరికి, శుక్రవారాలు నీళ్ళు అరగంట ఆలస్యంగా వదులుతున్నారని, నమాజుకు పోయే ఇళ్ళలో ఇబ్బందిగా ఉందని చెప్పింది. అది చాలా చిన్న సంగతి. అమ్మ కావాలనే చిన్నది ఎంచుకుంది. దీన్ని ఏం చేస్తుందో చూద్దామని.

మంగళవారం ఆమె మళ్ళీ వచ్చింది. ఇద్దరు మాట్లాడారు, అటూ ఇటూ చూసుకుంటూ. బుధవారం వీధి మలుపులో జాఫర్ బుల్లెట్టు ఆగి ఉంది. ఆయన దాని మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆ రోజు ఒక్కరూ ఆమె వైపు తల తిప్పలేదు. నీళ్ళు ఆగేదాకా నిలబడి, ఆయన ముందు నుంచే నడిచి ఇంటికి పోయింది.

గురువారం ఇక రాదనుకున్నాను. అమ్మతో అదే అన్నాను. ఆరు కాకముందే వచ్చి ట్యాంకు గోడకు ఆనుకుని నిలబడింది. మలుపులో బుల్లెట్టు కూడా ఉంది. అమ్మ కిటికీలోంచి ఆమెనూ బుల్లెట్టునూ చూసింది. తర్వాత బిందె చంకనెత్తుకుని గడప దిగింది.